గ్లెన్ మిల్లర్

గ్లెన్ మిల్లర్ (1904 మార్చి 1 – 1944 డిసెంబర్ 15) అమెరికన్ ట్రాంబోన్ వాద్యకారుడు, అరేంజర్, స్వరకర్త, బిగ్ బ్యాండ్ నాయకుడు. పూర్తి పేరు ఆల్టన్ గ్లెన్ మిల్లర్. స్వింగ్ సంగీతానికి జనం నాట్యమాడిన కాలంలో, 1939 నుంచి 1942 వరకు, అమెరికాలో అందరికంటే ఎక్కువగా అమ్ముడుపోయినవి ఆయన బృందం రికార్డులే. ‘మూన్‌లైట్ సెరినేడ్’, ‘ఇన్ ద మూడ్’, ‘టక్సీడో జంక్షన్’, ‘పెన్సిల్వేనియా 6-5000’, ‘చాటనూగా చూ చూ’, ‘ఎ స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్’ వాటిలో ముఖ్యమైనవి. రెండో ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి, సైనికుల కోసం పెద్ద వాద్యబృందాన్ని నడిపాడు. ఇంగ్లండ్ నుంచి పారిస్‌కు బయలుదేరిన చిన్న విమానంతో పాటు 40 ఏళ్ల వయసులో గల్లంతయ్యాడు. విమానం గానీ, అందులోని వారి ఆనవాళ్లు గానీ దొరకలేదు.

బిగ్ బ్యాండ్ల కాలం

బిగ్ బ్యాండ్ అంటే సుమారు 12 నుంచి 18 మంది వాయించే నాట్య వాద్యబృందం. ఇందులో మూడు దళాలు ఉంటాయి. ట్రంపెట్లు, ట్రాంబోన్లు ఇత్తడి దళం. సాక్సోఫోన్లు, క్లారినెట్లు రీడ్ దళం. పియానో, గిటార్, బాస్, డ్రమ్స్ లయ దళం. ఇంతమంది కలిసి వాయించాలంటే ఎవరు ఎప్పుడు ఏ స్వరం పలకాలో ముందే కాగితం మీద ఉండాలి. ఆ రాత పని చేసేవాడే అరేంజర్. రాసిన భాగాల మధ్య ఒక్కో వాద్యకారుడు తన మనోధర్మం చూపడానికి సోలోలు ఉంటాయి. రాత ఎంత, మనోధర్మం ఎంత అన్న పాళ్లను బట్టే ఒక బ్యాండ్‌కూ మరో బ్యాండ్‌కూ తేడా తెలిసేది.

1935 ఆగస్టులో లాస్ ఏంజెలస్‌లోని పాలోమార్ బాల్‌రూమ్‌లో బెన్నీ గుడ్‌మన్ బృందానికి దక్కిన ఆదరణను స్వింగ్ యుగానికి నాందిగా చెబుతారు. తర్వాత పదేళ్లు అమెరికా యువతకు నాట్య సంగీతమే ప్రధాన వినోదం. ఈ సంగీతం మూడు దారుల్లో జనానికి చేరేది. బాల్‌రూమ్‌లలో నేరుగా వినడం ఒకటి. అక్కడి నుంచే చేసే రేడియో ప్రసారాలు రెండోది. నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను రికార్డులు మూడోది. పది అంగుళాల రికార్డులో ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల సంగీతమే పట్టేది. ఎంత పెద్ద బాణీనైనా ఆ మూడు నిమిషాల్లోకి కుదించాల్సిందే. మిల్లర్ ప్రతిభ ఎక్కువగా కనబడేది ఈ కుదింపులోనే.

బాల్యం, విద్య

మిల్లర్ అయోవా రాష్ట్రంలోని క్లారిండా అనే చిన్న పట్టణంలో పుట్టాడు. తండ్రి లూయిస్ ఎల్మర్ మిల్లర్, తల్లి మాటీ లూ. బతుకుతెరువు కోసం ఆ కుటుంబం ఊళ్లు మారుతూ నెబ్రాస్కాలో, మిస్సోరిలో కొన్నేళ్లు గడిపి, 1918లో కొలరాడోలోని ఫోర్ట్ మోర్గన్ చేరింది. మిస్సోరిలో ఉండగా, ఆవుల పాలు పితికి సంపాదించిన డబ్బుతో మిల్లర్ తన మొదటి ట్రాంబోన్ కొనుక్కున్నాడు. అంతకుముందు మాండొలిన్, కార్నెట్ వాయించేవాడు. ఫోర్ట్ మోర్గన్ హైస్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడిగా పేరు తెచ్చుకుని, 1921లో చదువు ముగించాడు. అప్పటికే నాట్య సంగీతమే వృత్తి కావాలని నిశ్చయించుకున్నాడు.

బాయిడ్ సెంటర్ బృందంలో కొంతకాలం వాయించాక, 1923లో బౌల్డర్‌లోని కొలరాడో విశ్వవిద్యాలయంలో చేరాడు. తరగతుల కన్నా కచేరీల మీదే మనసు పెట్టడంతో ఒక సెమిస్టర్‌లో ఐదు సబ్జెక్టులకు మూడింట్లో తప్పాడు. చదువు మానేసి పూర్తిగా వాద్యవృత్తిలోకి దిగాడు. తనకు కాబోయే భార్య హెలెన్ బర్గర్‌తో పరిచయం ఆ కళాశాల రోజుల్లోనే ఏర్పడింది. వారి వివాహం 1928 అక్టోబర్‌లో న్యూయార్క్‌లో జరిగింది. తర్వాతి కాలంలో ఈ దంపతులు ఇద్దరు పిల్లలను దత్తత తీసుకున్నారు.

ఇతరుల బృందాల్లో

1920ల మధ్యలో మిల్లర్ లాస్ ఏంజెలస్‌లో బెన్ పొలాక్ బృందంలో చేరాడు. బెన్నీ గుడ్‌మన్ కూడా అందులో ఉండేవాడు. ట్రాంబోన్ వాయిస్తూనే మిల్లర్ బృందానికి అరేంజ్‌మెంట్లు రాశాడు. 1928లో జాక్ టీగార్డెన్ ఆ బృందంలోకి వచ్చాడు. ఆయన ట్రాంబోన్ మీద పలికించే మనోధర్మం ముందు తన వాయిద్యం నిలవదని మిల్లర్‌కు త్వరలోనే తెలిసివచ్చింది. సోలోలు టీగార్డెన్‌కు వెళ్లాయి. మిల్లర్ రాత వైపు మొగ్గాడు. అదే ఏడాది ట్రాంబోన్ వాద్యకారుల కోసం ఆయన కూర్చిన 125 జాజ్ బ్రేకుల పుస్తకం అచ్చయింది.

న్యూయార్క్ వచ్చాక స్టూడియో రికార్డింగుల్లో, రెడ్ నికల్స్ బృందంలో, గెర్ష్విన్ సోదరుల బ్రాడ్‌వే నాటకాలు ‘స్ట్రైక్ అప్ ద బ్యాండ్’, ‘గర్ల్ క్రేజీ’ల వాద్యబృందాల్లో పనిచేశాడు. 1934లో టామీ, జిమ్మీ డోర్సీ సోదరుల బృందంలో ట్రాంబోన్ వాద్యకారుడిగా, అరేంజర్‌గా చేరాడు. అమెరికా వచ్చిన బ్రిటిష్ బ్యాండ్ నాయకుడు రే నోబుల్‌కు 1935లో అక్కడ బృందాన్ని కూర్చిపెట్టింది మిల్లరే. ఆ ఏడాది ఏప్రిల్ 25న తన సొంత పేరుతో తొలిసారి కొలంబియా సంస్థకు రికార్డింగ్ చేశాడు. అందులో ‘సోలో హాప్’ చెప్పుకోదగ్గది.

ఈ సంవత్సరాల్లోనే జోసెఫ్ షిలింగర్ దగ్గర స్వరరచన నేర్చుకున్నాడు. సంగీతాన్ని గణిత సూత్రాల రీతిలో బోధించిన ఉపాధ్యాయుడు షిలింగర్. ఆయన పెట్టిన అభ్యాసంగా మిల్లర్ రాసుకున్న ఒక నిదానమైన బాణీయే తర్వాత ‘మూన్‌లైట్ సెరినేడ్’గా ప్రపంచానికి తెలిసింది.

మొదటి బృందం వైఫల్యం

1937లో మిల్లర్ సొంత బృందం కట్టాడు. డెకా, బ్రున్స్‌విక్ సంస్థలకు రికార్డులు చేశాడు. వాద్యకారులు సమర్థులే, అరేంజ్‌మెంట్లూ పద్ధతిగానే ఉండేవి. అయితే రేడియోలో విన్నవారు ఇది ఫలానా వారి బ్యాండ్ అని గుర్తుపట్టగల ప్రత్యేకత ఏదీ ఆ వాయిద్యంలో లేదు. గుడ్‌మన్, డోర్సీ, ఆర్టీ షా బృందాల మధ్య ఇంకొకటిగా మిగిలిపోయింది. ప్రయాణాల ఖర్చులు, జీతాలు మీద పడి అప్పులు పెరిగాయి. 1938 జనవరి 2న కనెటికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్ట్‌లోని రిట్జ్ బాల్‌రూమ్‌లో చివరిసారి వాయించి ఆ బృందం చెదిరిపోయింది.

మిల్లర్ నాదం

కొద్ది నెలల్లోనే, 1938 వసంతంలో, మిల్లర్ రెండో బృందాన్ని నిలబెట్టాడు. ఈసారి బృందానికి ఒక ప్రత్యేక నాదం ఉంది. మామూలుగా రీడ్ దళంలో ప్రధాన బాణీని ఆల్టో సాక్సోఫోన్ పట్టుకునేది. మిల్లర్ దాన్ని క్లారినెట్‌కు ఇచ్చాడు. అవే స్వరాలను టెనర్ సాక్సోఫోన్ ఒక స్థాయి కింద పలుకుతుంది. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీలో మిగతా మూడు సాక్సోఫోన్లు దగ్గర దగ్గర స్వరాలతో హార్మనీ నింపుతాయి. పైన క్లారినెట్ సన్నని మెరుపు, కింద టెనర్ గంభీరత, నడుమ చిక్కని నిండుదనం కలిసి, వినేవారికి అది ఐదు వాద్యాల మేళంలా కాక కొత్త వాద్యం ఒకటి మోగుతున్నట్టు తోస్తుంది.

ఈ పద్ధతి పుట్టుక గురించి ప్రచారంలో ఉన్న కథనం రే నోబుల్ బృందంతో ముడిపడినది. అందులో పీ వీ అర్విన్ అనే ట్రంపెట్ వాద్యకారుడు పై స్వరాలను తేలిగ్గా అందుకునేవాడు. సాక్సోఫోన్ల పైన ఆయన ట్రంపెట్ వచ్చేలా మిల్లర్ భాగాలు రాశాడు. అర్విన్ వెళ్లిపోయాక వచ్చిన వ్యక్తికి ఆ ఎత్తు అందలేదు. దాంతో ఆ భాగాన్ని క్లారినెట్‌కు మార్చారు. ఏమైనా 1938లో విల్బర్ ష్వార్ట్జ్ క్లారినెట్‌తో బృందంలోకి వచ్చాకే ఆ నాదం స్థిరపడింది. మెల్లని బాణీల్లోనే ఈ మేళవింపు ఎక్కువగా వినిపిస్తుంది. ‘ఇన్ ద మూడ్’ వంటి వేగవంతమైన బాణీల నడక వేరు.

1940 నాటికి బృందంలో నాలుగు ట్రంపెట్లు, మిల్లర్‌తో కలిపి నాలుగు ట్రాంబోన్లు, ఐదు రీడ్ వాద్యాలు, నాలుగు లయ వాద్యాలు ఉండేవి. టెక్స్ బెనికీ టెనర్ సాక్సోఫోన్ వాయిస్తూ పాడేవాడు. రే ఎబర్లీ, మారియన్ హట్టన్ ప్రధాన గాయకులు. మోడర్నెయిర్స్ అనే గాత్రబృందం తర్వాత వచ్చి చేరింది. చమ్మీ మెక్‌గ్రెగర్ పియానో వాయించేవాడు. అరేంజర్లలో బిల్ ఫినెగన్, జెర్రీ గ్రే ముఖ్యులు. గ్రే అంతకుముందు ఆర్టీ షా బృందానికి ‘బిగిన్ ద బిగీన్’ అరేంజ్‌మెంట్ రాసినవాడు. ఎవరు రాసినా తుది కత్తెర మిల్లర్‌దే. అక్కర్లేని స్వరాలను, పొడవైన సోలోలను కోసి పారేసేవాడు. సమయపాలన, దుస్తులు, వేదిక మీద నడవడిక విషయాల్లో కఠినంగా ఉండేవాడు. 1942లో రిహార్సల్‌కు ఆలస్యంగా వచ్చినందుకు ఎబర్లీ అంతటి గాయకుణ్ణి కూడా తొలగించాడు.

పేరు వచ్చిన తీరు

1938 సెప్టెంబర్‌లో మిల్లర్ ఆర్‌సీఏ విక్టర్ వారి బ్లూబర్డ్ లేబుల్‌తో ఒప్పందం కుదుర్చుకున్నాడు. బ్లూబర్డ్ రికార్డు ధర 35 సెంట్లు. విక్టర్ మామూలు రికార్డుల కన్నా ఇది బాగా చవక కాబట్టి కాలేజీ కుర్రకారుకు, జ్యూక్‌బాక్సులు (నాణెం వేస్తే రికార్డు వినిపించే యంత్రాలు) నడిపేవారికి అందుబాటులో ఉండేది. 1939 మార్చిలో న్యూజెర్సీలోని మెడోబ్రూక్ బాల్‌రూమ్‌లోనూ, మే నుంచి న్యూయార్క్ రాష్ట్రం న్యూ రోషెల్‌లోని గ్లెన్ ఐలండ్ క్యాసినోలోనూ వాయించే అవకాశం దక్కింది. పేరు క్యాసినో అయినా అది జూదశాల కాదు, సముద్రపు ఒడ్డున ఉన్న నాట్యశాల. అక్కడి నుంచి వారంలో చాలా రాత్రులు రేడియో ప్రసారాలు వెళ్లేవి. వేసవి ముగిసేసరికి మిల్లర్ పేరు దేశమంతా తెలిసిపోయింది. ఆ ఏడాది నవంబర్‌లో టైమ్ పత్రిక అంచనా ప్రకారం, దేశంలోని 3 లక్షల జ్యూక్‌బాక్సుల్లో ఒక్కోదానిలో ఉండే 12 నుంచి 24 రికార్డుల్లో రెండు నుంచి ఆరు దాకా మిల్లర్‌వే.

1939 డిసెంబర్ చివర నుంచి 1942 సెప్టెంబర్ వరకు చెస్టర్‌ఫీల్డ్ సిగరెట్ల కంపెనీ తరఫున సీబీఎస్ రేడియోలో వారానికి మూడుసార్లు పావుగంట కార్యక్రమం నడిచింది. కొత్త రికార్డుకు ఇంతకు మించిన ప్రచారం అప్పట్లో లేదు.

ముఖ్యమైన రికార్డులు

‘మూన్‌లైట్ సెరినేడ్’ను 1939 ఏప్రిల్ 4న రికార్డు చేశారు. షిలింగర్ అభ్యాసం నాటి బాణీకి అప్పటికి స్థిరమైన పేరు లేదు. రికార్డు మరో వైపున ఫ్రాంకీ కార్ల్ బాణీ ‘సన్‌రైజ్ సెరినేడ్’ ఉంది. సూర్యోదయానికి జోడీగా వెన్నెల పేరు పెట్టారు. మిచెల్ పారిష్ దీనికి సాహిత్యం సమకూర్చినా, మిల్లర్ రికార్డులో ఉన్నది వాద్యం మాత్రమే. క్లారినెట్ నాయకత్వంలో సాగే మిల్లర్ నాదానికి ఇదే ప్రామాణిక ఉదాహరణ. బృందం ప్రతి కార్యక్రమం ఈ బాణీతోనే మొదలయ్యేది. అదే నెల 10న బిల్ ఫినెగన్ అరేంజ్‌మెంట్‌తో రికార్డయిన ‘లిటిల్ బ్రౌన్ జగ్’ ఒక పాత తాగుబోతు పాటకు కట్టిన నాట్య రూపం.

‘ఇన్ ద మూడ్’ రికార్డింగ్ 1939 ఆగస్టు 1న జరిగింది. స్వరకర్తగా నమోదైనవాడు నల్లజాతి సాక్సోఫోన్ వాద్యకారుడు, అరేంజర్ జో గార్లాండ్. ఇందులోని ప్రధాన పలుకుబడి (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరుస) అంతకుముందే జాజ్‌లో తిరుగుతూ ఉంది. 1930లో వింగీ మనోన్ రికార్డు చేసిన ‘టార్ పేపర్ స్టాంప్’లోనూ, తర్వాత ఫ్లెచర్ హెండర్సన్ బృందం వాయించిన ‘హాట్ అండ్ యాంక్షస్’లోనూ అది వినిపిస్తుంది. గార్లాండ్ రచనను 1938లో ఎడ్గర్ హేస్ బృందం రికార్డు చేసింది. ఆర్టీ షా కూడా రేడియోలో వాయించాడు గానీ, ఆయన చేతిలో ఆ అరేంజ్‌మెంట్ రికార్డు ఒక వైపున పట్టనంత పొడుగు ఉండేది. మిల్లర్ దాన్ని కోసి రికార్డుకు సరిపెట్టాడు.

ఈ రికార్డు నిర్మాణం దగ్గరగా చూడదగ్గది. సాక్సోఫోన్లు పలికే ప్రధాన పలుకుబడిలో మూడేసి స్వరాల గుంపు చతురశ్ర నడక మీద తిరుగుతుంది. అందువల్ల ఊపు ఒక్కోసారి ఒక్కో మాత్ర మీద పడుతూ, తాళం తప్పకుండానే తాళంతో దోబూచులాడుతుంది. దీనికి ఆధారం 12 బార్ల బ్లూస్ చట్రం. నడుమ టెక్స్ బెనికీ, అల్ క్లింక్ టెనర్ సాక్సోఫోన్ల మీద మాటకు మాట అన్నట్టు వాయిస్తారు. ఆ తర్వాత క్లైడ్ హర్లీ ట్రంపెట్ సోలో వస్తుంది. అసలు చమత్కారం చివరలో ఉంది. అదే పలుకుబడి మళ్లీ వస్తుంది, ప్రతిసారీ ముందుకన్నా తక్కువ ధ్వనితో. బాణీ అయిపోయిందని నాట్యమాడేవాళ్లు అనుకునేంతగా ధ్వని సన్నగిల్లాక, ఇత్తడి దళం ఒక్కసారిగా పూర్తి బలంతో విరుచుకుపడి ముగింపుకు తీసుకెళుతుంది. 1940 తొలి నెలల్లో ఈ రికార్డు అమెరికా జ్యూక్‌బాక్సుల్లో అగ్రస్థానంలో ఉంది.

‘టక్సీడో జంక్షన్’ను 1940 ఫిబ్రవరి 5న రికార్డు చేశారు. ఇది అలబామాకు చెందిన నల్లజాతి బ్యాండ్ నాయకుడు అర్స్కిన్ హాకిన్స్ బృందం బాణీ. బర్మింగ్‌హామ్ నగరం పక్కన ట్రాములు కలిసే కూడలి పేరే దీని పేరు. హాకిన్స్ రికార్డు కన్నా మిల్లర్ రూపం నిదానంగా నడుస్తుంది. మొదటి వారంలోనే 1,15,000 ప్రతులు అమ్ముడుపోయాయి. ‘పెన్సిల్వేనియా 6-5000’ న్యూయార్క్‌లోని హోటల్ పెన్సిల్వేనియాకు అప్పట్లో ఉన్న టెలిఫోన్ నంబర్. ఆ హోటల్లోని కేఫే రూజ్, మిల్లర్ బృందం తరచూ వాయించిన వేదిక. 1940 ఏప్రిల్‌లో రికార్డయిన ఈ బాణీలో ఫోన్ గంట మోగుతుంది, వాద్యకారులంతా ఒక్క గొంతుతో ఆ నంబర్ అరుస్తారు.

1941లో రచయితలు, స్వరకర్తల సంఘం ఆస్కాప్‌కూ, రేడియో సంస్థలకూ మధ్య రుసుముల తగాదా వచ్చింది. ఆ ఏడాదిలో పది నెలల పాటు సంఘం సభ్యుల బాణీలు పెద్ద రేడియో నెట్‌వర్కుల్లో వినిపించలేదు. మిల్లర్ తన సొంత సంకేత బాణీ ‘మూన్‌లైట్ సెరినేడ్’ను పక్కనపెట్టి, దాని స్థానంలో ‘స్లంబర్ సాంగ్’ వాడాల్సి వచ్చింది. హక్కులు ఎవరి చేతిలోనూ లేని జానపద గీతాలకు అప్పుడు గిరాకీ పెరిగింది. రష్యన్ పడవ కూలీల పాటకు ఫినెగన్ రాసిన రూపం ‘సాంగ్ ఆఫ్ ద వోల్గా బోట్‌మెన్’ 1941 జనవరిలో రికార్డయి అమ్మకాల్లో అగ్రస్థానానికి చేరింది. నవంబర్‌లో రికార్డయిన జెర్రీ గ్రే బాణీ ‘ఎ స్ట్రింగ్ ఆఫ్ పెర్ల్స్’లో బాబీ హాకెట్ వాయించిన చిన్న కార్నెట్ సోలో ప్రసిద్ధి పొందింది. తర్వాత ఈ బాణీ వాయించిన బృందాలు దాన్ని స్వరం మార్చకుండా అలాగే పలికించాయి. అప్పటికప్పుడు పుట్టిన మనోధర్మం కూడా ఆ రకంగా రాతలోకి చేరింది.

సినిమాలు, మొదటి గోల్డ్ రికార్డు

ట్వెంటీయత్ సెంచరీ ఫాక్స్ తీసిన ‘సన్ వ్యాలీ సెరినేడ్’ (1941), ‘ఆర్కెస్ట్రా వైవ్స్’ (1942) చిత్రాల్లో మిల్లర్ తన బృందంతో సహా నటించాడు. వీటికి పాటలు కట్టింది స్వరకర్త హ్యారీ వారెన్, గీత రచయిత మాక్ గోర్డన్. మొదటి చిత్రంలోని ‘చాటనూగా చూ చూ’ ఒక రైలు ప్రయాణం పాట. ఆవిరి ఇంజన్ కదిలి వేగం అందుకునే తీరును ఆరంభంలో వాద్యాలే పలికిస్తాయి. సినిమాలో ఈ పాటకు నికొలస్ సోదరులు, డొరొతీ డాండ్రిడ్జ్ చేసిన నాట్యం ప్రసిద్ధం. బెనికీ, గాయని పౌలా కెల్లీ, మోడర్నెయిర్స్ పాడగా 1941 మే 7న చేసిన రికార్డు 12 లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 1942 ఫిబ్రవరి 10న రేడియో కార్యక్రమం మధ్యలో ఆర్‌సీఏ విక్టర్ ప్రతినిధి బంగారు పూత పూసిన రికార్డును మిల్లర్‌కు బహూకరించాడు. రికార్డు అమ్మకాలకు గుర్తుగా ఇచ్చే గోల్డ్ డిస్కుల పరంపరలో మొదటిదిగా దీన్నే లెక్కిస్తారు.

రెండో చిత్రం నుంచి ‘కాలమజూ’, ‘సెరినేడ్ ఇన్ బ్లూ’, ‘ఎట్ లాస్ట్’ వచ్చాయి. ‘ఎట్ లాస్ట్’ను 1960లో ఎట్టా జేమ్స్ పాడి మరో తరానికి చేర్చింది.

1942 ఆగస్టు 1 నుంచి అమెరికా వాద్యకారుల సంఘం రికార్డింగులు బహిష్కరించింది. ఆ సంగతి ముందే తెలియడంతో మిల్లర్ బృందం జులై మధ్యలో వరుసగా మూడు రోజులు స్టూడియోలో కూర్చుని బాణీలు నిల్వ చేసుకుంది. ‘జ్యూక్ బాక్స్ సాటర్‌డే నైట్’, ‘దట్ ఓల్డ్ బ్లాక్ మ్యాజిక్’ ఆ నిల్వలోవే. రెండోది 1943లో, బృందం రద్దయ్యాక, అగ్రస్థానానికి చేరింది.

సైన్యంలో

1942లో మిల్లర్ వయసు 38. నిర్బంధ సైనిక సేవ ఆయనకు వర్తించే పరిస్థితి లేదు. నౌకాదళం ఆయన దరఖాస్తును తిరస్కరించింది. సైనిక వాద్యబృందాలను ఆధునికం చేస్తానంటూ ఆగస్టులో సైన్యానికి రాశాడు, వారు అంగీకరించారు. సెప్టెంబర్ 27న న్యూజెర్సీలోని పసేయిక్‌లో పౌర బృందం చివరి కచేరీ జరిగింది. అమ్మకాలు శిఖరాన ఉండగా బృందాన్ని రద్దు చేసి, అక్టోబర్‌లో కెప్టెన్ హోదాతో విధుల్లో చేరాడు. ఆ తర్వాత వైమానిక దళానికి బదిలీ అయ్యాడు.

ఆయన కూర్చిన సైనిక బృందంలో దాదాపు 50 మంది ఉండేవారు. నాట్య బృందానికి ఇరవై మంది తీగవాద్యకారులు తోడయ్యారు. డ్రమ్స్ మీద రే మెకిన్లీ, పియానో మీద మెల్ పవెల్, క్లారినెట్ మీద పీనట్స్ హకో, గాయకుడు జానీ డెస్మండ్ ఉండేవారు. ‘సెయింట్ లూయిస్ బ్లూస్ మార్చ్’లో పాత బ్లూస్ బాణీని కవాతు తాళంలోకి తెచ్చారు. పాత తరం స్వరకర్త సూసా కవాతు బాణీలే సైన్యానికి తగినవని నమ్మిన అధికారులకు ఇది నచ్చలేదు. కుర్ర సైనికులకు మాత్రం నచ్చింది. బహిష్కరణ కారణంగా వాణిజ్య రికార్డులు ఆగిపోయినా, సైనికులకు మాత్రమే పంచే వి-డిస్కులకు వాద్యకారుల సంఘం మినహాయింపు ఇచ్చింది. ఈ బృందం సంగీతం కొంత అలాగే నిలిచింది. 1943లో అరేంజ్‌మెంట్ పద్ధతులను వివరించే మిల్లర్ పుస్తకం కూడా వెలువడింది.

1944 జూన్‌లో బృందం లండన్ చేరింది. అప్పుడు ఆ నగరం మీద జర్మన్ వి-1 ఎగిరే బాంబులు పడుతున్నాయి. మిల్లర్ బృందాన్ని బెడ్‌ఫర్డ్‌కు తరలించాడు. వారు లండన్ విడిచిన మర్నాడే వారి బస దగ్గర బాంబు పడి చాలామంది అమెరికన్ సైనికులు మరణించారు. ఆగస్టులో ఆయనకు మేజర్ హోదా లభించింది. వైమానిక స్థావరాల్లో కచేరీలు, రేడియో ప్రసారాలు విరామం లేకుండా సాగాయి. లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో ప్రత్యేక రికార్డింగులు కూడా జరిగాయి. జర్మన్ సైనికులను ఉద్దేశించిన ప్రచార ప్రసారాల కోసం డెస్మండ్ జర్మన్ భాషలో పాడాడు. మిల్లర్ జర్మన్ మాటలు పలికాడు.

అదృశ్యం

విముక్తమైన పారిస్‌కు బృందాన్ని తరలించే ఏర్పాట్ల కోసం మిల్లర్ ముందుగా వెళ్లాలనుకున్నాడు. 1944 డిసెంబర్ 15 మధ్యాహ్నం బెడ్‌ఫర్డ్ దగ్గరి ట్విన్‌వుడ్ ఫార్మ్ విమానాశ్రయం నుంచి యూసీ-64 నోర్స్‌మన్ అనే ఒంటి ఇంజన్ విమానంలో బయలుదేరాడు. లెఫ్టినెంట్ కల్నల్ నార్మన్ బేసెల్, పైలట్ జాన్ మోర్గన్ ఆయనతో ఉన్నారు. ఆకాశం మబ్బు పట్టి, చలి గడ్డకట్టించేలా ఉంది. విమానం గమ్యం చేరలేదు. మర్నాడే బెల్జియం, లక్సెంబర్గ్ సరిహద్దుల్లో జర్మన్ల ఎదురుదాడి మొదలవడంతో ఒక చిన్న విమానం కనబడకపోవడం వెంటనే ఎవరి దృష్టికీ రాలేదు. మూడు రోజుల తర్వాత బృందం పారిస్ చేరినప్పుడు స్వాగతించడానికి మిల్లర్ లేడు. డిసెంబర్ 24న వార్త బయటికి ప్రకటించారు. క్రిస్మస్ కార్యక్రమాన్ని జెర్రీ గ్రే నిర్వహించాడు.

చల్లదనానికి కార్బ్యురేటర్‌లో మంచు పేరుకుని ఇంజన్ ఆగిపోయి, విమానం ఇంగ్లిష్ చానల్‌లో కూలిపోయి ఉంటుందన్నది ఎక్కువమంది ఆమోదించిన వివరణ. దాడి రద్దయి తిరిగొస్తున్న బ్రిటిష్ లాంకాస్టర్ విమానాలు సముద్రంలో వదిలేసిన బాంబులు తగిలాయన్న వాదన 1980లలో వినిపించింది. అయితే కాలనిర్ణయం దగ్గర అది వివాదాస్పదమైంది. 1945 మార్చిలో మిల్లర్ బ్రాంజ్ స్టార్ పతకాన్ని హెలెన్‌కు అందజేశారు. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్ దగ్గరి అమెరికన్ సైనిక శ్మశానంలో గల్లంతైనవారి గోడ మీద ఆయన పేరు చెక్కి ఉంది. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానంలో స్మారక శిల ఉంది.

మరణానంతరం

1954లో ఆంథొనీ మాన్ దర్శకత్వంలో, జేమ్స్ స్టువర్ట్ కథానాయకుడిగా ‘ద గ్లెన్ మిల్లర్ స్టోరీ’ చిత్రం వచ్చింది. దాని ధ్వనిముద్రణకు ఆస్కార్ లభించింది. సినిమా విజయంతో పాత రికార్డులకు మళ్లీ గిరాకీ వచ్చింది. ఆర్‌సీఏ విక్టర్ స్టూడియో రికార్డులతో పాటు రేడియో ప్రసారాలను కూడా లాంగ్ ప్లే రికార్డులుగా వెలువరించింది. ఆబీ రోడ్ రికార్డింగులు 1990లలో గానీ సాధారణ శ్రోతలకు అందలేదు. ‘ఇన్ ద మూడ్’, ‘మూన్‌లైట్ సెరినేడ్’, ‘చాటనూగా చూ చూ’ రికార్డులకు గ్రామీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 1996లో అమెరికా తపాలా శాఖ ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది. క్లారిండాలో పుట్టిన ఇంటిని భద్రపరిచి, ఏటా ఉత్సవం జరుపుతున్నారు.

మూల్యాంకనం

జాజ్ విమర్శకులు మిల్లర్‌ను ఎప్పుడూ తూకంలో పెట్టే చూశారు. డ్యూక్ ఎల్లింగ్టన్, కౌంట్ బేసీ బృందాల్లో వాద్యకారుడి మనోధర్మానికి ఉన్న చోటు ఆయన దగ్గర లేదని, అంతా ముందే కొలిచి పెట్టినట్టు ఉంటుందని ఆక్షేపించారు. నల్లజాతి సంగీతకారుల సృష్టిని నునుపు చేసి ఎక్కువ లాభం పొందాడన్న విమర్శ కూడా ఉంది. గార్లాండ్, హాకిన్స్‌ల పేర్లు స్వరకర్తలుగా రికార్డుల మీద ఉన్నా, జాతి వివక్ష రాజ్యమేలిన ఆనాటి అమెరికాలో పెద్ద హోటళ్లు, రేడియో ప్రాయోజకులు తెల్లవారి బృందాలకే తలుపులు తెరిచిన మాట నిజం.

మరోవైపు, మిల్లర్ గొప్ప సోలో వాద్యకారుణ్నని ఎన్నడూ చెప్పుకోలేదు. ఆయన శక్తి అంతా నాదాన్ని కూర్చడంలో, బాణీని మూడు నిమిషాల్లో ఒదిగించడంలో, ఏ వాద్యం ఎక్కడ ఆగాలో తేల్చడంలో ఉంది. బలహీనతగా ఎంచిన ఆ కాగితపు క్రమశిక్షణే బృందాన్ని నాయకుడి తర్వాత కూడా బతికించింది. 1946లో టెక్స్ బెనికీ నాయకత్వంలో ఆయన పేరిట బృందం మళ్లీ వేదిక ఎక్కింది. ఆ బృందంలో పియానో వాయించి, అరేంజ్‌మెంట్లు రాసిన హెన్రీ మాన్సీని తర్వాత హాలీవుడ్ సంగీత దర్శకుడిగా పేరు పొందాడు. మిల్లర్ కుటుంబంతో విభేదాలు రావడంతో 1950లో బెనికీ విడిపోయాడు. 1956లో రే మెకిన్లీ నాయకత్వంలో గ్లెన్ మిల్లర్ ఆర్కెస్ట్రా తిరిగి ఏర్పడింది. నాయకులు, వాద్యకారులు తరాలుగా మారుతూ వచ్చినా ఆ ఆర్కెస్ట్రా మిల్లర్ కాలం నాటి అరేంజ్‌మెంట్లతోనే పర్యటనలు కొనసాగిస్తూ వచ్చింది.